వేళ్ళకు స్పర్శ తెలియనప్పుడు: సెల్లో కళాకారిణి జాక్విలిన్ డుప్రే జీవితం, మల్టిపుల్ స్క్లీరోసిస్ వ్యాధి

"చేతులు తిమ్మిరెక్కుతున్నాయండీ" అన్న మాట వినిపించని రోజు మన ఓపీలో ఉండదు. చాలామందిలో దానికి కారణం షుగరో, మెడ ఎముకల అరుగుదలో, బి-12 విటమిన్ లోపమో అయి ఉంటుంది. కొద్దిమందిలో మాత్రం కారణం మెదడులోనో వెన్నుపాములోనో ఉంటుంది. అటువంటి జబ్బుల్లో మల్టిపుల్ స్క్లీరోసిస్ ఒకటి. పేరు వినగానే ఇది మనకు సంబంధంలేని విదేశీ జబ్బు అనుకుంటారు. మన ప్రాంతంలో ఇది అరుదే గాని లేకపోలేదు. ఎమ్.ఆర్.ఐ. స్కానింగులు జిల్లా కేంద్రాలకు వచ్చాక మునుపటికంటే ఎక్కువగానే బయటపడుతోంది.

ఈ జబ్బును లక్షణాల పట్టికతో చెప్పడంకంటే ఒక మనిషి జీవితంతో చెబితే బాగా అర్థమవుతుంది. ఆ మనిషి ఇంగ్లండుకు చెందిన జాక్విలిన్ డుప్రే. వేళ్ళే ఆమె బ్రతుకు. ఆ వేళ్ళకే ముందుగా స్పర్శ పోయింది.

సెల్లో అంటే ఏమిటి?

మన చర్చిల్లో, కచేరీల్లో వయొలిన్ చూడనివారు లేరు. సెల్లో అదే కుటుంబానికి చెందిన పెద్ద వాయిద్యం. భుజం మీద పెట్టుకోవడానికి వీలుకాదు. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టి, అడుగున ఉన్న ఇనుప ములుకును నేలకు ఆనించి, కమానుతో వాయిస్తారు. నాలుగు తీగలుంటాయి. ఒక తీగను షడ్జమం అనుకుంటే దాని పక్క తీగ పంచమం. దాని నాదం ఇంచుమించు పురుషుని గొంతులా గంభీరంగా ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వీణకు ఉన్నట్టు సెల్లోకు మెట్లు ఉండవు. వేలు ఎక్కడ నొక్కితే ఏ స్వరం పలుకుతుందో చూపే గుర్తు ఏదీ లేదు. రెండు మిల్లీమీటర్లు అటు ఇటు అయినా శ్రుతి తప్పుతుంది. ఎడమచేతి వేళ్ళు తీగమీద తమ చోటును తామే వెతుక్కోవాలి, కళ్ళతో కాదు, స్పర్శతో. కుడిచేయి కమాను బరువును గ్రాముల లెక్కన ఎక్కువ తక్కువలు చేస్తూ ఉండాలి. అంటే సెల్లో వాయించేవారికి వేళ్ళ బలంకంటే వేళ్ళ తెలివి ముఖ్యం. ద్వారం వెంకటస్వామినాయుడుగారికి చూపు సరిగా లేకపోయినా వయొలిన్‌లో మహావిద్వాంసులైన సంగతి మన తెలుగువారికి తెలిసినదే. చూపు లేకుండా తంత్రీవాద్యం వాయించవచ్చు. స్పర్శ లేకుండా వాయించడం దాదాపు అసాధ్యం.

బాల్యం, శిక్షణ

జాక్విలిన్ 1945 జనవరి 26న ఆక్స్‌ఫర్డ్ నగరంలో పుట్టింది. తల్లి ఐరిస్ మంచి పియానో కళాకారిణి, పిల్లలకు సంగీతం నేర్పే ఉపాధ్యాయురాలు. తండ్రి డెరెక్ అకౌంటెన్సీ రంగంలో పనిచేసేవారు. అక్క ఫ్లూటు వాయించేది. ఇంట్లో సంగీతం అన్నం నీళ్ళలాగా ఉండేది.

పాపకు నాలుగేళ్ళ వయసులో రేడియోలో సెల్లో నాదం విని, తనకూ అటువంటిదే కావాలని తల్లిని అడిగింది. కొద్దికాలానికే ఒక సెల్లో ఇంటికి వచ్చింది. ఆ తల్లి చేసిన పని మన తల్లులందరూ గమనించదగినది. చిన్నపిల్లలకు కసరత్తు స్వరాలు విసుగు పుట్టిస్తాయని, ఐరిస్ తానే చిన్న చిన్న పాటలు కట్టి, పక్కన బొమ్మలు వేసి ఇచ్చేది. పాప నిద్రపోయాక రాసిపెడితే, ఉదయం లేచి చూసుకుని, సెల్లో దగ్గరకు పరుగెత్తేదట. కొట్టి కూర్చోబెట్టే సాధనకూ, ఇష్టంతో పరుగెత్తే సాధనకూ తేడా అక్కడే ఉంది.

అయిదేళ్ళకు లండన్ సెల్లో స్కూలులో చేర్చారు. అలిసన్ డాల్రింపుల్ అనే ఉపాధ్యాయురాలి దగ్గర మొదటి పాఠాలు. 1955లో, పదేళ్ళ వయసులో, విలియం ప్లీత్ అనే గురువు దగ్గరకు వెళ్ళింది. జాక్విలిన్ ఆయనను తన 'సెల్లో నాన్న' అని పిలిచేది. తరువాత ఎందరో జగత్ప్రసిద్ధుల దగ్గర కొద్దికొద్ది కాలం నేర్చుకున్నా, తన అసలు గురువు ఆయనేనని ఆమె భావించింది.

1956లో, పదకొండేళ్ళకు, సుజియా బహుమతి పేరుతో ఇచ్చే విద్యార్థివేతనం లభించింది. పోర్చుగల్ దేశపు సెల్లో విదుషీమణి గిల్హెర్మినా సుజియా పేరిట ఇచ్చే సహాయమది. దీనిని 1961 వరకు ఏటేటా పొడిగించారు. గురువు ఫీజు, గిల్డ్‌హాల్ సంగీత పాఠశాల ఫీజు అందులోనుంచే వచ్చాయి. అయితే ఒక షరతు ఉంది. రోజుకు నాలుగు గంటలు సాధన చేయాలి. పదకొండేళ్ళ పిల్లకు స్కూలు, హోంవర్కు, దానిమీద నాలుగు గంటలు! చివరకు స్కూలు చదువు మధ్యలోనే ఆగిపోయింది. తోటి పిల్లలతో స్నేహాలు కూడా తక్కువ. దీనిని మెచ్చుకోవాలో, జాలిపడాలో చెప్పడం కష్టం. ఆ సాధన లేకపోతే ఆ సంగీతం లేదు. కాని ఒకే ఒక్క స్తంభం మీద ఇల్లు కడితే, ఆ స్తంభానికి ఏమైనా అయితే ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఐఐటీ కోచింగులకు ఆరవ తరగతినుండే పిల్లలను పంపుతున్న మన తల్లిదండ్రులు కూడా ఒక్కసారి ఆలోచించవలసిన విషయమిది.

1961 మార్చి 1న లండన్‌లోని విగ్‌మోర్ హాలులో ఆమె మొదటి పెద్ద కచేరీ జరిగింది. వయసు పదహారు. మొదలైన కాసేపటికే ఒక తీగ వదులైపోయింది. ఆమె కంగారుపడకుండా వాయించడం ఆపి, లోపలికి వెళ్ళి తీగ మార్చుకుని వచ్చి, మళ్ళీ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, 1962 మార్చిలో, రాయల్ ఫెస్టివల్ హాలులో ఎల్గార్ అనే ఆంగ్ల స్వరకర్త 1919లో పూర్తిచేసిన సెల్లో కంచెర్టోను వాయించింది. కంచెర్టో అంటే ఒక ప్రధాన వాయిద్యానికి పూర్తి ఆర్కెస్ట్రా తోడుగా నడిచే రచన. ఆనాటినుండి ఎల్గార్ కంచెర్టో అనగానే జాక్విలిన్ పేరే గుర్తుకు వచ్చేంతగా అది ఆమె సొంతమైపోయింది. 1965లో సర్ జాన్ బార్బిరోలి నిర్వహణలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగును నేటికీ ప్రపంచమంతా వింటున్నారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళే.

మధ్యలో సందేహాల కాలం కూడా వచ్చింది. స్విట్జర్లాండులో పాబ్లో కాసల్స్, పారిస్‌లో పాల్ టోర్టెలియే, 1966లో మాస్కోలో రోస్త్రోపోవిచ్ దగ్గర పాఠాలు నేర్చుకుంది. ఒక దశలో ఈ సెల్లో తనకు తగినదేనా అని సందేహపడి కొంతకాలం దానికి దూరంగా ఉంది. 1967 జూన్‌లో యెరూషలేములో పియానో కళాకారుడు డేనియల్ బారెన్‌బాయిమ్‌ను వివాహం చేసుకుంది. ఆయన యూదుడు. ఆమె కూడా యూదమతం స్వీకరించింది. వారి మిత్రబృందంలో మన బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా ఒకరు. 1969లో ఈ మిత్రులంతా కలసి షూబెర్ట్ రచన ఒకటి వాయించగా తీసిన చిత్రంలో మెహతా డబుల్ బాస్ పట్టుకుని కనిపిస్తారు. అందరిలోనూ నవ్వులే నవ్వులు. అందరికంటే ఎక్కువగా నవ్వుతున్నది జాక్విలిన్.

సాధన శరీరంలో ఏమి చేస్తుంది?

చాలామంది సాధన అంటే వేళ్ళ కండరాలకు వ్యాయామం అనుకుంటారు. నిజానికి ఎక్కువ మార్పు వచ్చేది మెదడులో. మెదడులో ఒక్కొక్క శరీరభాగపు స్పర్శకు ఒక్కొక్క చోటు కేటాయించబడి ఉంటుంది. తంత్రీవాద్యాలు వాయించేవారిలో ఎడమచేతి వేళ్ళకు కేటాయించిన చోటు మామూలువారికంటే విశాలంగా ఉంటుందని 1995లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. చిన్నతనంలో మొదలుపెట్టినవారిలో ఈ తేడా ఇంకా ఎక్కువ.

మరొక మార్పు నరాల పైతొడుగులో వస్తుంది. మన నరపు పోగులు కరెంటు వైర్ల వంటివి. వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరపు పోగుకు మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకుని ఉంటుంది. ఈ తొడుగు ఉంటేనే వార్త వేగంగా, పక్కదారి పట్టకుండా చేరుతుంది. చిన్నతనంలో పియానో సాధన ఎక్కువగా చేసినవారి మెదడులో ఈ తెల్లని పదార్థపు దారులు మరింత చక్కగా అమరి ఉన్నాయని 2005లో స్వీడన్ పరిశోధకులు తెలిపారు. రోజుకు నాలుగు గంటలు, ఏళ్ళ తరబడి సాధన చేసినవారికి దక్కే ఆస్తి ఇదే. మల్టిపుల్ స్క్లీరోసిస్ దెబ్బకొట్టేది సరిగ్గా ఈ తొడుగునే.

సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంటివారికి ఇక్కడే ఒక మాట. గంటల తరబడి ఆపకుండా వాయిస్తే మణికట్టు, భుజం, మెడ నొప్పులు వస్తాయి. అరగంటకొకసారి చేతులకు విశ్రాంతినివ్వాలి. నొప్పి ఉండగా సాధన చేయించరాదు. ఇటువంటి నొప్పులు, తిమ్మిర్లు విశ్రాంతితో తగ్గిపోతాయి. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

మొదటి సూచనలు

1971 వచ్చేసరికి జాక్విలిన్ వాయించడంలో ఏదో తేడా రావడం మొదలైంది. వేళ్ళకు స్పర్శ తగ్గుతోంది. విపరీతమైన అలసట. ఆమె ఏడాది కచేరీలు కట్టి, ఎడతెగని ప్రయాణాలు చేసిన మనిషి. అందుచేత అంతా ఒత్తిడివల్ల, నరాల బలహీనతవల్ల అన్నారు. కచేరీలు మాని విశ్రాంతి తీసుకుంది.

ఆ సంవత్సరం డిసెంబరులో ఒక చిత్రం జరిగింది. ఉన్నట్టుండి చేతులు బాగయ్యాయి. ఆమె భర్తతో కలసి స్టూడియోకు వెళ్ళి, షోపాన్, ఫ్రాంక్ అనే స్వరకర్తల సొనాటాలు రికార్డు చేసింది. వింటే ఈమెకు జబ్బు అని ఎవరూ అనలేరు. స్టూడియోలో ఆమె చేసిన చివరి రికార్డింగు అదే.

1973 ఫిబ్రవరిలో జుబిన్ మెహతా నిర్వహణలో లండన్‌లో ఎల్గార్ కంచెర్టో వాయించింది. అదే నెలలో న్యూయార్కులో పింకస్ జుకర్‌మన్‌తో కలసి బ్రామ్స్ డబుల్ కంచెర్టో వాయించవలసి ఉంది. బెర్న్‌స్టీన్ నిర్వాహకుడు. అప్పటికి సెల్లో పెట్టె తెరవడమే కష్టమైపోయింది. చేతిలో కమాను బరువెంతో తెలియడంలేదు. వేళ్ళు తీగమీద ఎక్కడున్నాయో స్పర్శకు అందక, కళ్ళతో చూసుకుంటూ వాయించింది. నాలుగు కచేరీలలో మూడు పూర్తిచేసి, నాలుగోది మానుకుంది. ఆ తరువాత ప్రజలముందు సెల్లో వాయించలేదు.

1973 అక్టోబరులో వ్యాధి నిర్ధారణ అయింది. ఆమె వయసు 28.

వ్యాధి ఏమిటి?

1868లో షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు ఈ వ్యాధిని స్పష్టంగా వర్ణించారు. స్క్లీరోసిస్ అంటే గట్టిపడడం. మల్టిపుల్ అంటే అనేకచోట్ల అని. మెదడు, వెన్నుపాము, కంటినరాలలో అక్కడక్కడ మైలిన్ ఊడిపోయి, ఆ చోట్లు మచ్చలుగా గట్టిపడతాయి. క్రిములను చంపవలసిన మన రోగనిరోధక కణాలే దారితప్పి, ఇంటి కాపలా కుక్క ఇంటివారినే కరచినట్టు, సొంత నరాల మీద పడతాయి.

ప్రపంచంలో సుమారు 28 లక్షలమందికి ఈ వ్యాధి ఉన్నదని 2020లో అంచనా వేశారు. ఎక్కువగా 20 - 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. పురుషులకంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న చలిదేశాల్లో ఎక్కువ, మన దేశంలో తక్కువ. కారణం ఒక్కటని చెప్పలేము. వంశపారంపర్యపు ధోరణి కొంత, విటమిన్ డి తక్కువ కావడం కొంత, పొగత్రాగడం కొంత. ఎప్‌స్టీన్-బార్ అనే చాలా సాధారణమైన వైరస్ సోకినవారిలోనే ఈ వ్యాధి దాదాపుగా వస్తున్నదని 2022లో అమెరికా సైనికుల రక్త నమూనాలతో జరిపిన పెద్ద పరిశోధన తేల్చింది. అయితే ఆ వైరస్ ప్రపంచంలో నూటికి తొంభైమందికి పైగా సోకేదే. వారిలో బహు కొద్దిమందికే ఈ జబ్బు వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. రోగితో కలసి తింటే, తిరిగితే రాదు.

లక్షణాలు ఎక్కడ తొడుగు ఊడిందన్నదాన్నిబట్టి ఉంటాయి. ఒక కంటికి రెండు మూడు రోజుల్లో చూపు మసకబారి, కన్ను తిప్పితే నొప్పి రావడం. చేయి, కాలు లేదా నడుము నుండి క్రిందికి స్పర్శ తగ్గడం. మెడ వంచితే వెన్ను వెంబడి కరెంటు షాకు కొట్టినట్టుండడం. నడకలో తూలడం, వస్తువులు రెండుగా కనబడడం, మూత్రం ఆపుకోలేకపోవడం. వీటన్నిటితోపాటు, పని చేసినా చేయకపోయినా ఉండే అలసట. ఒంటి వేడి పెరిగితే లక్షణాలు పెరుగుతాయి. కాబట్టి మే నెల ఎండల్లో, జ్వరం వచ్చినప్పుడు, వేడినీళ్ళ స్నానం తరువాత వీరు ఎక్కువ ఇబ్బందిపడతారు.

ఈ వ్యాధి మోసం చేసేది ఒక విషయంలో. ఎక్కువమందిలో ఇది దాడి చేసి, కొన్ని వారాలకు తనంతట తాను తగ్గుతుంది. కొన్ని నెలలో సంవత్సరాలో గడిచి మళ్ళీ మరొకచోట దాడి చేస్తుంది. 1971 డిసెంబరులో జాక్విలిన్ చేతులు బాగవడం ఈ తీరుకు సరిపోయేదే. మన ఊళ్ళలో ఈ మధ్యకాలం పెద్ద ఇబ్బంది తెచ్చిపెడుతుంది. తాయెత్తు కట్టించిన వారానికో, పసరు మందు తాగిన వారానికో, ఎవరో చేతులుంచి ప్రార్థించిన వారానికో తిమ్మిరి తగ్గుతుంది. ఇక జబ్బు పోయిందని మందులు మానేస్తారు. మేము ప్రార్థనకు వ్యతిరేకులము కాము, ఈ ఆసుపత్రిలో ప్రతి ఉదయం ప్రార్థనతోనే పని మొదలవుతుంది. కాని తగ్గినట్టు కనబడే రోజుల్లో కూడా లోపల స్కానింగులో కొత్త మచ్చలు కనబడడం సాధారణం. ప్రార్థించండి, మందులు మాత్రం మానవద్దు.

మరొకటి, "అంతా నరాల బలహీనతే, మనసు సరిగా పెట్టుకో" అనే మాట. జాక్విలిన్ వంటి ప్రసిద్ధురాలికే ఈ మాట ఎదురైంది. మన ఇళ్ళలో కొత్తకోడలు చేయి తిమ్మిరెక్కుతోంది, నీరసంగా ఉందంటే పని తప్పించుకోవడానికని అనేవారు లేకపోలేదు. పరీక్ష చేయకుండా ఏ తిమ్మిరినీ మనసు మీదికి నెట్టకూడదు. ఏ పాపానికి శిక్షగా వచ్చిందో అని ఆరా తీయడం ఇంకా తప్పు. పుట్టుగ్రుడ్డివానిని చూసి శిష్యులు వేసిన ప్రశ్నకు ప్రభువు ఏమని జవాబిచ్చారో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

అప్పుడు, ఇప్పుడు

1973లో ఎమ్.ఆర్.ఐ. లేదు. అది ఆసుపత్రులలో వాడుకలోకి వచ్చింది 1980 దశకంలో. అంతకుముందు డాక్టరు చేతి పరీక్ష, రోగి చెప్పే కథ, వెన్నునీరు పరీక్ష, ఇవే ఆధారం. ఇప్పుడు మెదడు, వెన్నుపాము ఎమ్.ఆర్.ఐ.లో మచ్చలు కనబడతాయి. అవసరమైతే వెన్నునీరు తీసి కొన్ని ప్రత్యేక ప్రోటీన్ల కోసం చూస్తారు. వెన్నునీరు తీస్తే నడుము పడిపోతుందన్న భయం వట్టిది.

మన దేశంలో దీనిని పోలిన మరొక జబ్బు ఉంది. న్యూరోమైలైటిస్ ఆప్టికా అంటారు. కంటినరాన్ని, వెన్నుపామును తీవ్రంగా దెబ్బతీస్తుంది. రక్తంలో ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్షతో దానిని గుర్తిస్తారు. రెండింటికీ మందులు వేరు. ఒకదానికి మంచిచేసే మందు రెండవదానికి కీడు చేయవచ్చు. అందుచేత న్యూరాలజిస్టు చూడకుండా, పక్కింటివారి మందుచీటీ చూసి మందులు వాడరాదు.

చికిత్సలో కూడా ఆనాటికీ ఈనాటికీ హస్తిమశకాంతరం తేడా. దాడి వచ్చినప్పుడు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను సెలైన్‌లో కలిపి 3 నుండి 5 రోజులు ఇస్తారు. దాడి త్వరగా తగ్గుతుంది. అయితే అది మళ్ళీ రాకుండా ఆపదు. దాడులను తగ్గించే మొదటి మందు, ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షను, అమెరికాలో 1993లో ఆమోదం పొందింది. అంటే జాక్విలిన్ చనిపోయిన ఆరేళ్ళకు. ఆ తరువాత మాత్రలు, ఇంజెక్షన్లు, ఆరు నెలలకొకసారి సెలైన్‌ద్వారా ఎక్కించే మందులు పది పన్నెండు రకాలకు పైగా వచ్చాయి. ఇవి ఖరీదైనవి. మన దేశంలో తక్కువ ఖర్చులో దొరికే రిటుక్సిమాబ్ అనే మందును న్యూరాలజిస్టులు ఎక్కువగా వాడుతున్నారు. ఏ మందూ వ్యాధిని వేళ్ళతో సహా పెకలించదు. కాని త్వరగా మొదలుపెడితే చక్రాల కుర్చీని చాలామంది విషయంలో ఏళ్ళ తరబడి దూరంగా ఉంచవచ్చు. జాక్విలిన్‌కు ఈ అవకాశం లేకపోయింది.

తిమ్మిరి ఉన్నవారందరికీ ఈ వ్యాధేనా?

కాదు. ముమ్మాటికీ కాదు. ఈ వ్యాసం చదివి భయపడి స్కానింగుకు పరుగెత్తనవసరం లేదు. మన దగ్గర ముందుగా చూడవలసినవి వేరే. షుగరు ఉన్నవారికి రెండు పాదాల్లో మంటలు, తిమ్మిర్లు మొదలై పైకి పాకుతాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడేవారికి, పాలు, గుడ్లు, మాంసం తీసుకోనివారికి బి-12 తగ్గి తిమ్మిర్లు రావచ్చు. ఇది రక్తపరీక్షలో తెలుస్తుంది, సులభంగా నయమవుతుంది. బట్టలుతికే, టైపు కొట్టే స్త్రీలలో రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర నరం ఒత్తుకుపోయిందని అర్థం.

కుష్ఠును మరచిపోరాదు. చర్మం మీద పాలిపోయిన లేక ఎర్రని మచ్చ, ఆ మచ్చలో స్పర్శ లేకపోవడం, చిటికెనవేలు వైపు తిమ్మిరి ఉంటే వెంటనే చూపించాలి. డిచ్‌పల్లి వంటి మిషను ఆసుపత్రులు ఏళ్ళ తరబడి చేసినది ఈ సేవే. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ ముడుచుకుపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి నిటారుగా చేయడమే కాక, కుష్ఠురోగుల వేళ్ళు అరిగిపోయేది జబ్బు తినేయడంవల్ల కాదనీ, నొప్పి తెలియక దెబ్బలు తగలడంవల్లననీ చూపించారు. వేళ్ళకు స్పర్శ ఎంత విలువైన వరమో సెల్లో విదుషీమణి ఎంత చెప్పగలదో, పొయ్యిమీద వేడిగిన్నెను ఉత్తచేత్తో దించి కాల్చుకున్న కుష్ఠురోగి అంతే చెప్పగలడు. కుష్ఠుకు మందులు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలలో ఉచితం. 6 నెలలో 12 నెలలో వాడితే నయమవుతుంది.

చక్రాల కుర్చీలో పద్నాలుగేళ్ళు

వ్యాధి తెలిసినప్పటినుండి 1987 అక్టోబరు 19న లండన్‌లో చనిపోయేవరకు జాక్విలిన్ పద్నాలుగేళ్ళు బ్రతికింది. మొదట నడక పోయింది. తరువాత చేతులు వణకడం, చూపు, మాట కూడా దెబ్బతిన్నాయి. మొదటి సంవత్సరాలలో ఆమె ఊరకే కూర్చోలేదు. విద్యార్థులకు పాఠాలు చెప్పింది. వాయించి చూపే వీలు లేదు కనుక ప్రతి సంగతినీ మాటల్లోనే పెట్టవలసి వచ్చేది. పిల్లలకోసం ప్రొకోఫియెవ్ రాసిన 'పీటర్ అండ్ ది వుల్ఫ్' సంగీతకథకు తన గొంతుతో వ్యాఖ్యానం చెప్పి రికార్డు చేసింది. 1976లో బ్రిటిష్ ప్రభుత్వం ఓ.బి.ఇ. బిరుదుతో గౌరవించింది. ఆమె వాయించిన 1712 నాటి స్ట్రాడివేరియస్ సెల్లో తరువాత యో-యో మా అనే ప్రసిద్ధ కళాకారుని చేతికి వెళ్ళింది.

ఆమె కుటుంబ జీవితంపై తోబుట్టువులు ఒక పుస్తకం రాశారు, 1998లో దాని ఆధారంగా సినిమా కూడా వచ్చింది. స్నేహితులు కొందరు దానిని తీవ్రంగా ఖండించారు. ఆ వాదాల జోలికి మనము పోనక్కరలేదు. దీర్ఘరోగం ఏ ఇంట్లో ఉన్నా రోగి ఒక్కరే కాదు, ఇల్లంతా అలసిపోతుందన్న సంగతి మాత్రం మన వార్డులలో రోజూ చూస్తున్నదే.

కనుక ఇంటివారికి కొన్ని విషయాలు. మంచాన ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. మింగడం కష్టంగా ఉంటే పడుకోబెట్టి తినిపించరాదు. అన్నం మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మూత్రం సరిగా కాకపోతే సిగ్గుపడక చెప్పాలి. దిగులు, నిద్రలేమి కూడా ఈ వ్యాధిలో భాగమే, వాటికీ మందులున్నాయి. ఫిజియోథెరపీ అయిదు రోజుల్లో ఫలితం చూపదు. నెలల తరబడి చేయించాలి. వేసవిలో తడిగుడ్డ, ఫ్యాను, చల్లని నీరు దగ్గర ఉండాలి. కూతురికి ఈ వ్యాధి ఉంటే పెళ్ళి సంబంధంలో దాచవద్దు. దాచిన సంగతి బయటపడి పుట్టింటికి పంపబడిన అమ్మాయిలు ఉన్నారు. చెప్పి చేసుకుని, పిల్లలను కని పెంచుకుంటున్నవారు కూడా ఉన్నారు. ఈ వ్యాధి గర్భధారణకు అడ్డు కాదు. కాకపోతే కొన్ని మందులు ముందుగా ఆపవలసి ఉంటుంది కనుక గర్భం దాల్చకముందే డాక్టరుతో మాట్లాడాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాలలో మల్టిపుల్ స్క్లీరోసిస్ కూడా చేర్చబడింది. కుష్ఠు నయమైనవారు కూడా అందులో ఉన్నారు. కనుక సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్టు తీసుకోవచ్చు. మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985నుండి పనిచేస్తోంది, హైదరాబాదులో కూడా దాని శాఖ ఉంది.

చూపించుకోవడానికి వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, స్కానింగు ఫిల్ములు అన్నీ తీసుకురండి. తిమ్మిరి ఏ తేదీన మొదలైంది, ఏ వేలినుండి మొదలైంది, ఎన్ని రోజులకు తగ్గింది, గతంలో ఎప్పుడైనా ఒక కన్ను మసకబారిందా అన్నవి ఒక కాగితం మీద రాసుకుని రండి. సగం రోగనిర్ధారణ ఆ కాగితంలోనే ఉంటుంది.